వరుసలో తోసుకునే పిల్లలకు ఏం నేర్పాలి? బడిలో సానుకూల ప్రవర్తనా తోడ్పాటును అమలు చేసే విధానం

బెంగళూరు తూర్పు వైపున మారతహళ్ళి, మున్నేకొళాల, కె.ఆర్.పురం ప్రాంతాల్లోని ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని ఉండటం మామూలే. రాయలసీమ నుంచి భవన నిర్మాణ పనులకు వలస వచ్చిన వారి పిల్లలు ప్రభుత్వ బడుల్లోనూ, ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన వారి పిల్లలు ప్రైవేటు బడుల్లోనూ ఎక్కువగా కనిపిస్తారు. అయినా రెండు చోట్లా ఉపాధ్యాయుల ఫిర్యాదు ఒకటే: పిల్లలు తోసుకుంటున్నారు, లాక్కుంటున్నారు, చిన్నదానికే కొట్టుకుంటున్నారు. ఈ తగాదాల్లో చాలావరకు పిల్లల చెడ్డతనం కనిపించదు. అడగడం రాకపోవడం, ఆగడం రాకపోవడం, కాదన్నప్పుడు ఏం చేయాలో తెలియకపోవడం కనిపిస్తాయి. ఇవన్నీ నేర్పితే వచ్చేవే. వాటిని బడిలో ఎలా నేర్పాలో, ఇక్కడి బడుల్లో పనిచేసే తెలుగు ఉపాధ్యాయుల కోసమూ, తమ పిల్లల గురించి బడి నుంచి తరచూ కబురు అందుకునే తల్లిదండ్రుల కోసమూ రాస్తున్నాను.

సానుకూల ప్రవర్తనా తోడ్పాటు, అంటే శిక్షకు బదులు సరైన ప్రవర్తనను నేర్పి ప్రోత్సహించే విధానం, అమెరికాలో 1980లలో రూపుదిద్దుకుంది. తీవ్రమైన వైకల్యాలున్న వ్యక్తులను అదుపులో పెట్టడానికి అప్పట్లో వాడుతున్న కఠిన పద్ధతులకు ప్రత్యామ్నాయంగా అది వచ్చింది. 1997లో వికలాంగుల విద్యా చట్టానికి అక్కడ చేసిన సవరణల్లో దీని ప్రస్తావన చేరింది. ఆ తరువాత ఓరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ సుగాయ్, రాబర్ట్ హోర్నర్ వంటివారు దాన్ని బడి మొత్తానికి వర్తించే పద్ధతిగా విస్తరించారు. మేరీల్యాండ్ రాష్ట్రంలోని 37 ప్రాథమిక పాఠశాలల్లో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ పద్ధతిని పాటించిన బడుల్లో పిల్లలను సస్పెండ్ చేయడం, ప్రధానోపాధ్యాయుల గదికి పంపడం తగ్గినట్టు తేలింది. మన దేశంలో విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ, గుంజీలు, మోకాళ్ళ మీద నిలబెట్టడం అన్నీ దాని కిందికే వస్తాయి. చట్టం బెత్తాన్ని పక్కన పెట్టమంది గానీ, దాని స్థానంలో ఏం చేయాలో ఉపాధ్యాయుడి పక్కన నిలబడి చూపించినవారు తక్కువ. ఆ లోటును తీర్చడానికి ఈ విధానం చక్కగా పనికివస్తుంది.

ముందు రాసుకోండి, తరువాత మార్చండి

మొదటి రెండు వారాలు ఎవరికీ ఏమీ నేర్పవద్దు. ఒక నోటుబుక్కు పెట్టుకొని, తగాదా జరిగిన ప్రతిసారీ సమయం, చోటు, దానికి సరిగ్గా ముందు జరిగింది, పిల్లవాడు చేసింది, ఆ వెంటనే జరిగింది రాయండి. "అల్లరి చేశాడు", "పొగరుగా మాట్లాడాడు" అని రాయవద్దు. "పక్కవాడి చేతిలోని గ్లాసు లాగాడు, ఇద్దరూ నేల మీద పడ్డారు" అని, కంటికి కనిపించినదాన్నే రాయండి. ఈ పనిని విసుగనుకొని వదిలేసేవారు చాలామంది ఉంటారు. కానీ తరువాతి పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి దీన్ని దాటవేయకూడదని గట్టిగా చెబుతాను.

ఒక ఉదాహరణ చూద్దాం. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో 2013 నుంచి క్షీరభాగ్య పథకం కింద పిల్లలకు వేడి పాలు ఇస్తున్నారు. పాల వేళకు రెండు తరగతులను ఒకేసారి వదిలితే, గ్లాసులు కడుక్కునే కొళాయి ఒక్కటే ఉంటే, వరుస ఎక్కడ మొదలవుతుందో నేల మీద ఏ గుర్తూ లేకపోతే, అక్కడ తోపులాట జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. నోటుబుక్కు తిరగేస్తే వారంలోని గొడవల్లో పెద్ద భాగం ఆ కొళాయి దగ్గరే జరిగినట్టు తెలుస్తుంది. అప్పుడు చేయవలసింది ఉపన్యాసం ఇవ్వడం కాదు. రెండు తరగతుల మధ్య ఐదు నిమిషాల ఎడం పెట్టాలి. నేల మీద పెయింటుతో అడుగుల గుర్తులు వేయాలి. కడగని గ్లాసులకు ఒక తొట్టి, కడిగినవాటికి ఇంకొక తొట్టి పెట్టాలి. పెద్దవారొకరు కొళాయి పక్కన నిలబడాలి. ఏ పిల్లవాడికీ ఒక్క మాట నేర్పకముందే గొడవలు తగ్గడం మొదలవుతుంది. ఇంకా మిగిలినవి నైపుణ్యం లేక జరుగుతున్నవి. పాఠాలు వాటి కోసం.

మూడు నియమాలు చాలు

బడి మొత్తానికి మూడు, మహా అయితే ఐదు నియమాలు ఉండాలి. "ఒకరినొకరు గౌరవించాలి", "జాగ్రత్తగా ఉండాలి", "మన పని మనం చేసుకోవాలి" అన్న పద్ధతిలో, ఏం చేయాలో చెప్పేలా ఉండాలి గానీ, ఏం చేయకూడదో చెప్పే జాబితా కాకూడదు. ఉపాధ్యాయులందరూ కూర్చుని నిర్ణయించాలి. ఆయాలు, వంటవారు, వాచ్‌మన్ కూడా ఆ సమావేశంలో ఉంటే మరీ మంచిది. ఎందుకంటే పిల్లల గొడవలు ఎక్కువగా జరిగేది తరగతి గది బయటే, అక్కడ ఉండేది వాళ్ళే. నియమాలను గోడ మీద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి వదిలేయకుండా, చదవడం రాని పిల్లల కోసం బొమ్మలు వేయించండి. అయితే "గౌరవించాలి" అన్న మాట ఏడేళ్ళ పిల్లవాడికి ఏమీ చెప్పదు. కొళాయి దగ్గర గౌరవించడమంటే ముందున్నవాడికీ మనకూ మధ్య ఒక చెయ్యంత దూరం ఉంచడం. తరగతిలో గౌరవించడమంటే పక్కవాడు చదువుతున్నప్పుడు నవ్వకపోవడం. బస్సులో అయితే సంచి ఒళ్ళో పెట్టుకోవడం. ప్రతి చోటికీ ఇలా విడమరిచి రాసుకోవాలి.

పాఠం చెప్పే తీరు

సామాజిక నైపుణ్యానికి వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు కేటాయిస్తే సరిపోతుంది. ఒక వారం ఒక్క నైపుణ్యమే తీసుకోండి. పాఠంలో నాలుగు పనులు జరగాలి: నైపుణ్యం ఏమిటో చెప్పడం, చేసి చూపించడం, పిల్లల చేత చేయించడం, వెంటనే ఎలా చేశారో చెప్పడం. తప్పుగా చేసి చూపించవలసి వస్తే అది ఉపాధ్యాయులే చేయాలి. పిల్లల చేత ఎప్పుడూ సరైన పద్ధతినే అభ్యాసం చేయించాలి. తోసే పాత్ర వేయించిన పిల్లవాడు తోయడాన్నే మరింత సరదాగా నేర్చుకుంటాడు.

మూడో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, బడిలో చేరి కొద్ది నెలలే అయింది. పక్కనున్న అమ్మాయి రబ్బరును పదే పదే లాక్కుంటాడు. తిడితే తల వంచుకుంటాడు, మళ్ళీ లాక్కుంటాడు. ఆ అమ్మాయికి కన్నడం తప్ప మరొకటి రాదు. అతనికి కావలసింది అడగడానికి భాష లేదు కాబట్టి చెయ్యి అడుగుతోంది. ఈ పిల్లవాడికి నేర్పవలసిన పాఠం చాలా చిన్నది. ముందు తెలుగులో "నాకూ ఒకసారి ఇస్తావా?" అని అడగడం చేయించండి. అది నోట పలికాక, కన్నడంలో "నన్గూ ఒంద్సల కొడ్తీయా?" అని చెప్పించండి. కన్నడం వచ్చిన తోటి పిల్లవాడినే గురువుగా కూర్చోబెడితే ఇద్దరికీ మేలు. చెయ్యి చాపి, అరచెయ్యి పైకి పెట్టి ఆగడం కూడా ఆ పాఠంలో భాగమే. మాట తడబడినా ఆ సైగ అర్థమవుతుంది.

చాలా పాఠాలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ అసలు కష్టం ఇంతకు మించి ఉంది. అడిగినప్పుడల్లా ఇవ్వరు. "ఆమేలె కొడ్తీని", తరువాత ఇస్తాను, అని అవతలి పిల్ల అంటుంది. మర్యాదగా అడిగినా దొరకలేదన్న కోపం మామూలు కోపం కంటే ఎక్కువగా ఉంటుంది, ఆ క్షణంలో దెబ్బ పడుతుంది. కాబట్టి కాదన్నప్పుడు ఏం చేయాలో అడగడంతో సమానంగా, వీలైతే అంతకంటే ఎక్కువసార్లు అభ్యాసం చేయించాలి: "సరే" అని చెయ్యి వెనక్కి తీసుకోవడం, ఇంకొకరిని అడగడం, లేదా టీచరు దగ్గరికి వచ్చి చెప్పడం. అభ్యాసంలో ఉపాధ్యాయులు కావాలనే కాదనాలి. మూడుసార్లు కాదన్నా నిలకడగా ఉన్న పిల్లవాడిని అప్పుడే, అందరి ముందూ మెచ్చుకోవాలి.

విదేశీ పుస్తకాల్లోని నైపుణ్యాల జాబితాలను యథాతథంగా తీసుకోవద్దని మనవి. వాటిలో తరచుగా మొదట ఉండేది కళ్ళలోకి చూసి మాట్లాడటం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మందలిస్తున్నప్పుడు తల దించుకోవడమే మర్యాద. ఆ పిల్లవాడిని "నా కళ్ళలోకి చూడు" అని గద్దిస్తే ఇంట్లో నేర్చుకున్న మర్యాదకు బడిలో శిక్ష పడినట్టవుతుంది. ఆటిజం ఉన్న పిల్లలకైతే అలా చూడటం చాలా ఇబ్బంది కలిగించవచ్చు, వారిని బలవంతపెట్టనే కూడదు. మాట్లాడేవారి వైపు తిరిగి వింటే చాలు. "సారీ చెప్పు" అని పట్టుబట్టడం కూడా అలాంటిదే. పళ్ళు బిగించి చెప్పిన సారీ వల్ల కొట్టినవాడు ఏమీ నేర్చుకోడు, దెబ్బ తిన్నవాడికీ ఊరట ఉండదు. చెడగొట్టినదాన్ని బాగుచేయడం నేర్పండి: పడేసిన పుస్తకాలు ఏరి ఇవ్వడం, దెబ్బ తగిలినవాడి వెంట నీళ్ళ దగ్గరికి వెళ్ళడం, చిరిగిన పేజీని అతికించడం.

గమనించి చెప్పడం

నేర్పినది నిలవాలంటే, పిల్లలు దాన్ని వాడినప్పుడు మనం చూశామని వాళ్ళకు తెలియాలి. ఒక్క మందలింపుకు నాలుగైదు మెచ్చుకోళ్ళు ఉండాలన్నది ఈ రంగంలో సాధారణంగా చెప్పే లెక్క. "గుడ్ బాయ్" అంటే సరిపోదు. "వాడు గ్లాసు కడిగేవరకు ఆగావు, చూశాను" అంటే ఏం చేసినందుకు మెచ్చుకున్నామో పిల్లవాడికి అర్థమవుతుంది. మన బడుల్లో ఉపాధ్యాయులు గది దాటగానే మానిటర్ మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే అలవాటు ఒకటి ఉంది. దానివల్ల మానిటర్‌కు శత్రువులూ, పేర్లు పడ్డవాళ్ళకు కాస్త పేరూ వస్తాయి. ఆ బోర్డునే వాడుకోండి, పని మాత్రం తిరగేయండి: ఎవరు ఎవరికి సాయం చేశారో రాయమనండి. మానిటర్ పదవిని వారం వారం మార్చండి. బిడియపడే పిల్లలకూ ఆ వంతు రావాలి.

బహుమతుల విషయంలో నాకు కొంత జంకు ఉంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్న పిల్లలకు ముందే బహుమతి ఇస్తామని చెప్పి వేయిస్తే, ఆ తరువాత వాళ్ళంతట వాళ్ళు బొమ్మలు వేయడం తగ్గింది. కాబట్టి చాక్లెట్లూ పెన్సిళ్ళూ ప్రతిదానికీ ఇవ్వవద్దు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న కష్టమైన నైపుణ్యానికి కొన్నాళ్ళు ఇచ్చి, మెల్లగా ఆపేయండి. తరగతి మొత్తానికి కలిపి ఇచ్చేది, అంటే అదనంగా ఒక ఆటల పీరియడు, ఇంకా మెరుగు. 1969లో వెలువడిన "మంచి ప్రవర్తన ఆట" తరగతిని జట్లుగా చేసి ఆడించేది. అందులో తప్పుల లెక్క హద్దు దాటని జట్లన్నీ గెలవవచ్చు. ఆడిస్తే మాత్రం, ఒక్క పిల్లవాడి వల్ల జట్టు ఓడిపోయిందన్న నింద అతని మీద పడకుండా జాగ్రత్తపడండి; అవసరమైతే అతన్నే ఒక జట్టుగా పెట్టి, అతను గెలిస్తే అందరికీ లాభం వచ్చేలా చేయండి.

అయినా కుదరని పిల్లలు

బడి అంతటికీ వర్తించే ఈ పనులు సుమారు 80 శాతం పిల్లలకు సరిపోతాయనీ, ఇంకో 15 శాతానికి కొంత అదనపు సాయం, 5 శాతానికి ప్రత్యేక శ్రద్ధ కావాలనీ ఈ విధానం అంచనా వేస్తుంది. ఈ అంకెలు మార్గదర్శకాలే. మీ బడిలో అవి వేరుగా ఉండవచ్చు.

సాయం పెంచే ముందు ఆ పిల్లవాడు ఎందుకు అలా చేస్తున్నాడో నోటుబుక్కులో వెదకండి. కారణాలు ప్రధానంగా నాలుగు: ఏదైనా వస్తువు కావాలి, ఎవరైనా పట్టించుకోవాలి, ఏదో పని తప్పించుకోవాలి, లేదా ఆ చేష్ట శరీరానికి హాయిగా ఉంది. ఒకే రకం అల్లరికి ఇద్దరి దగ్గర రెండు కారణాలు ఉంటాయి. కన్నడ పీరియడులో పదే పదే బల్ల మోగించే తెలుగు పిల్లవాడిని బయట నిలబెట్టారనుకోండి. పాఠం అర్థం కాక తప్పించుకోవాలనుకున్నవాడికి బయట నిలబడటం శిక్ష కాదు, అతను కోరుకున్నదే. రేపు ఇంకా గట్టిగా మోగిస్తాడు. అతనికి కావలసింది "అర్థం కాలేదు" అని చెప్పే మర్యాదైన దారి. బల్ల మూల మీద ఒక ఎర్ర కాగితం పెట్టి, అది తిప్పితే టీచరు వచ్చి చూస్తారని నేర్పండి. తిప్పిన ప్రతిసారీ నిజంగా వెళ్ళండి. అందరూ తనను చూడాలని బల్ల మోగించే ఇంకో పిల్లవాడికి ఈ కాగితం ఏమీ చేయదు. అతనికి రోజూ ఉదయం హాజరు పట్టీ అందించే పని ఇవ్వాలి. పాత అల్లరికి ఫలితం దొరకడం ఆగిపోయాక, అది తగ్గే ముందు కొన్ని రోజులు పెరగవచ్చు. ఆ రోజుల్లోనే చాలామంది ఉపాధ్యాయులు "ఇదేమీ పనిచేయడం లేదు" అని పాత దారికి వెళ్ళిపోతారు. అప్పుడు పక్క తరగతి టీచరు వచ్చి కాసేపు తోడు నిలవాలి.

రెండో స్థాయి పిల్లలకు, అంటే అదనపు సాయం కావలసిన ఆ 15 శాతానికి, రోజువారీ కార్డు బాగా పనికివస్తుంది. ఉదయం ప్రార్థనకు ముందు ఒక పెద్దవారు రెండు నిమిషాలు పలకరించి, ఆ రోజు గుర్తుపెట్టుకోవలసినది చెప్పి కార్డు ఇస్తారు. ప్రతి పీరియడు చివర టీచరు 0, 1, 2లలో ఒక అంకె వేస్తారు. సాయంత్రం అదే పెద్దవారు కార్డు చూసి మాట్లాడతారు. 80 శాతం వస్తే ఆ రోజు గెలిచినట్టు. ఈ పని చేసే మనిషిని ఎంచుకునేటప్పుడు పదవి చూడవద్దు; పిల్లవాడికి ఎవరంటే ఇష్టమో చూడండి, అది డ్రిల్ మాస్టారైనా, లైబ్రరీ మేడమ్ అయినా సరే. కార్డును ఇంటికి పంపడం అసలు పద్ధతిలో ఉంది. కానీ తక్కువ అంకె చూసి పిల్లవాడిని కొట్టే ఇల్లని తెలిస్తే దాన్ని పంపవద్దు. దానికి బదులు ఆ రోజు చేసిన ఒక మంచి పనిని తెలుగులో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపండి. పొద్దున్నే సైటుకు వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే తల్లిదండ్రులకు, చదవనవసరం లేని మాట చేరుతుంది. బడి నుంచి వచ్చే ప్రతి కబురూ ఫిర్యాదే అయిన ఇంటికి అలాంటి సందేశం ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను.

ఇంకా కుదరకపోతే, ప్రవర్తన అనే పేరు పెట్టే ముందు వినికిడి, చూపు, నిద్ర, ఆకలి పరీక్షించండి. వెనక బెంచీలో పిలిచినా పలకని పిల్లవాడికి చెవిలో చీము ఉండవచ్చు. ఆటిజం, అభ్యసన వైకల్యం వంటివి వికలాంగుల హక్కుల చట్టం, 2016 పరిధిలో ఉన్నాయి. ఆ పిల్లలకు తోటివారితో కలిసి చదువుకునే హక్కు ఉంది. బెంగళూరులో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లోని బాలల, కౌమారుల మనోవైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి పలు భారతీయ భాషల్లో ఉచితంగా మాట్లాడవచ్చు. తల్లిదండ్రులతో ఈ మాట చెప్పేటప్పుడు "మీవాడికి ఏదో ఉంది" అనకండి. నోటుబుక్కు తెరిచి, మీరు చూసింది చూపించి, ఇంట్లో ఏం కనిపిస్తోందో అడగండి.

ఇంట్లో చేయవలసింది

తల్లిదండ్రులకు బడి పెట్టే పని చిన్నదిగా ఉండాలి. బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ (ఎస్‌డీఎంసీ) సమావేశంలోనో, ప్రైవేటు బడిలో అయితే తల్లిదండ్రుల సమావేశంలోనో, ఆ నెల నేర్పుతున్న ఒక్క వాక్యాన్ని చెప్పి, ఇంట్లోనూ అదే వాడమనండి. అన్నదమ్ములు ఫోన్ కోసం కొట్టుకున్నప్పుడు "ముందు ఎవరు కొట్టారు?" అని విచారణ మొదలుపెడితే ఇద్దరూ వాదించడం నేర్చుకుంటారు. "నీకేం కావాలి? ఎలా అడుగుతావు, అడుగు" అంటే బడి పాఠం ఇంట్లో కొనసాగుతుంది. అపార్ట్‌మెంట్ ఆట స్థలంలో ఉయ్యాల దగ్గర కూడా ఇదే వాక్యం సరిపోతుంది.

దసరా సెలవుల తరువాత నియమాలన్నీ మొదటి రోజున మళ్ళీ చేసి చూపించాలి; వేసవి తరువాత సరేసరి. పని మారగానే కుటుంబం చోటు మారుతుంది కాబట్టి వలస పిల్లలు ఏడాది మధ్యలో వస్తూనే ఉంటారు, వారి కోసం పాఠం ఆగదు. అందుకని ప్రతి తరగతిలో తెలుగూ కన్నడమూ వచ్చిన ఇద్దరు పిల్లలను ముందే సిద్ధం చేసి ఉంచండి. కొత్తగా వచ్చిన పిల్లవాడిని మొదటి రోజు ఇంటర్వెల్‌లో మరుగుదొడ్డి, నీళ్ళు, భోజనం చోట్లకు వాళ్ళే తీసుకెళ్ళాలి. నీళ్ళు కావాలని, బయటికి వెళ్ళాలని, అర్థం కాలేదని కన్నడంలో అడిగే మూడు మాటలూ ఆ సాయంత్రం బడి వదిలేలోపు ఆ పిల్లవాడి చేత పలికించాలి.